జానెడు ఎడం

ఆ వీధిలో స్టూడియో నడిపే ఫోటోగ్రాఫరును అందరూ 'గడ్డంపైకి గారు' అనేవారు. ఎవరొచ్చి కూర్చున్నా ఆయన నోట ముందు వచ్చే మాట అదే. ముప్పై ఏళ్లుగా జనం గడ్డాలు సర్ది సర్ది, మనిషిని చూడగానే చదివేయగలనని ఆయనకో గట్టి నమ్మకం. చదివిందేమీ లేదు. ఆయనకు తెలిసిందల్లా మొగుడూ పెళ్లాలను ఆనించి నిలబెట్టడం, మిగతావాళ్ల మధ్య జానెడు ఎడం పెట్టడం.

పదేళ్ల కిందట టైలరూ, బస్సు డ్రైవరూ కలిసి వచ్చారు. ఇద్దరూ ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నారని వీధంతటికీ తెలుసు. తెలియనట్టు నటించడం అంతకంటే బాగా తెలుసు. కెమెరా ముందు టైలరు చనువుగా డ్రైవరు భుజం మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తీసి కొంచెం జరగండి. ఫోటో నీటుగా ఉండాలి కదా" అన్నారు గడ్డంపైకి గారు.

పాపం, జరిగారు. తన పెద్దమనిషితనానికి ఆయన ఆ పూటంతా మురిసిపోయారు.

మొన్న టైలరు పోయాడు. పదిహేనేళ్లుగా తమ్ముడి గడప తొక్కని అన్న, వాళ్లింటి గోడ మీది ఆ ఫోటో పట్టుకుని స్టూడియోలో ఊడిపడ్డాడు.

"రేపు సంతాప సభ ఉంది. మావాడి ఫోటో పెద్దది చేసివ్వండి. ఆ పక్కవాణ్ణి తీసేయండి, ఎవడో అద్దెకున్నవాడు."

గడ్డంపైకి గారికి ఒళ్లు మండింది. ఇలాంటి మనుషులూ ఉంటారా అని లోపల ఛీ కొట్టారు. ఛీ కొడుతూనే పని కానిచ్చారు. కంప్యూటర్లో అర నిమిషం పట్టలేదు. భుజం అడ్డం రాలేదు, వేలు తెగలేదు. కోతకు కావలసిన దారి పదేళ్ల కిందటే ఆయన స్వహస్తాలతో వేసిపెట్టారు మరి. ఆ సంగతి బుర్రకెక్కేసరికి అన్న రెండు ఫోటోలూ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

సభ అయిన మర్నాడు డ్రైవరు వచ్చాడు.

"మేమిద్దరం ఉన్నది అదొక్కటే ఫోటో అండీ. వాళ్లన్నయ్య పట్టుకుపోయాడు. మీ దగ్గర ఇంకోటి దొరుకుతుందా?"

గడ్డంపైకి గారిలో ధర్మాత్ముడు నిద్రలేచాడు. "దొరకడమేంటి, ఇద్దర్నీ దగ్గరికి జరిపేస్తాను. ఆయన చెయ్యి మీ భుజం మీదే ఉన్నట్టు చేస్తాను. ఎవరూ కనిపెట్టలేరు."

డ్రైవరు ఆయన వంక తీరిగ్గా చూశాడు.

"వద్దండీ, ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి. ఆ రోజు తను వేసిన చెయ్యి మీరే తీయించారు. ఇప్పుడు మీరు వేస్తే అది తన చెయ్యి కాదు, మీ చెయ్యి."