రాక్షసి వెనకాలే నడిచిన మరదలు

మా మరదలు అంతరిక్షంలో ఒక రాక్షసిని నిద్రపుచ్చింది. ఏడడుగుల ఎత్తు, ఒళ్లంతా జిగురు, కళ్లు లేవు, చెవులు మాత్రం పాము చెవులు. అప్పటికే అక్కడి అంతరిక్ష కేంద్రంలో ఉన్నవాళ్లందరినీ నమిలేసింది. అలాంటిదాన్ని మా మరదలు జోకొట్టి, పడుకోబెట్టి, దుప్పటి కప్పి వచ్చింది.

దుప్పటి నేను కలిపాను, ఒప్పుకుంటున్నాను. మనవలకు చెప్పేటప్పుడు దుప్పటి ఉంటుంది, పెద్దవాళ్లు చదువుతున్నారు కాబట్టి తీసేస్తున్నాను. అంతరిక్షం కూడా మా హాల్లో టీవీలోదే. మిగతాదంతా నా కళ్లతో చూసిందే. అది నిజంగా నిద్రపోయిందా లేదా అన్న ఒక్క దగ్గర మాత్రం మా ఇంట్లో ఇంకా రెండు పార్టీలున్నాయి.

మరదలంటే మా ఆవిడ చెల్లెలు. మా పై వాటాలో ఉంటుంది. బట్టలు కుట్టే కార్ఖానా ఒకటుంది, దాని పక్కనే పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం. తల్లులు అవతల మిషన్లు తొక్కుతుంటే ఇవతల వాళ్ల పిల్లల్ని ఈవిడ చూసుకుంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే పని. అందులోనూ ఈవిడది పడకగది. ఇరవై రెండు తొట్టి మంచాలు, ఒక్క తలుపు, చెక్క నేల. భోజనాలయ్యాక ఇరవై రెండుమందినీ పడుకోబెట్టి, ఒక్కరు కూడా లేవకుండా బయటికి రావాలి. వినడానికి తేలికే. ఒకసారి నేనూ ప్రయత్నించాను, ఒకే ఒక్క పిల్లతో. పిల్ల నిద్రపోలేదు, నేను పోయాను.

మా మరదలికి పద్ధతి ఉంది. పిల్లను దించేటప్పుడు ముందు పిరుదులు ఆనాలి, తర్వాత వీపు, చివర్న తల. తల ఆనగానే చెయ్యి లాగెయ్యకూడదు. చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కో వేలూ లేపాలి, అదీ పిల్ల ఊపిరి వదిలేటప్పుడే. ఏ చెక్క మీద కాలేస్తే కిర్రుమంటుందో, ఏది నోరు మూసుకుంటుందో ఆవిడకు కంఠతా వచ్చు. పిల్లలు పెట్టిన పేరు పిల్లిపిన్ని. ఆ పిల్లలు పెద్దవాళ్లై, తమ పిల్లల్ని తెచ్చి దింపేటప్పుడు కూడా అదే పేరుతో పిలుస్తారు.

ఈమధ్య ఆ కేంద్రానికి కొత్త మేడమ్ వచ్చింది. మంచి మనిషే, కాకపోతే శుభ్రమంటే ప్రాణం. వచ్చిన వారంలోనే గోడలకు సున్నం వేయించింది, అందరికీ కొత్త యూనిఫాం ఇచ్చింది, చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మలు గీయించి పెట్టింది. రెండో వారం నుంచి పడకగదిలో పిల్లలు లేవడం మొదలైంది. ఒకడు లేస్తే పక్కవాడు, వాడికి జవాబుగా మూలనున్నవాడు. మేడమ్ వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసింది. సరిగ్గా అప్పుడే మా మరదలు వంగి లేచింది, మోకాలు టప్‌మంది, మూడో మంచంలో పిల్ల కళ్లు తెరిచింది.

"అమ్మా, మీ మోకాళ్ల చప్పుడికే పిల్లలు లేస్తున్నారు. సోమవారం నుంచి మీరు పాలసీసాలు కడిగే గదిలో ఉండండి. కూర్చునే చేసుకోవచ్చు" అంది మేడమ్, ఎంతో మర్యాదగా.

ఆ మర్యాదకే మా మరదలు కుదేలైపోయింది. తిట్టి ఉంటే తిరిగి నాలుగు తిట్టి తేలికపడేది. ఆ రోజు శనివారం, ఒంటిపూట పని. యూనిఫామైనా మార్చుకోకుండా సరాసరి మా ఇంటికొచ్చి సోఫాలో కూలబడింది.

"ఛీ! చచ్చిపోయాను!" అంది మా అమ్మాయి.

కంగారు పడకండి. మా అమ్మాయి లిఫ్టులు బాగుచేస్తుంది. వారమంతా గొయ్యిలాంటి ఆ చీకట్లో గ్రీజు పూసుకుని, శనివారం మధ్యాహ్నం విశ్రాంతి కోసమని మళ్లీ చీకట్లోకే పోయే ఆట ఆడుతుంది. పాడుబడ్డ అంతరిక్ష కేంద్రం, అందులో రాక్షసి, చేతిలో ఆయుధం లేని ఒక ఇంజనీరు. ఆ ఇంజనీరు నక్కి నక్కి పొడవాటి నడవ దాటి, చివర్నున్న చిన్న నౌక ఎక్కి బయటపడాలి. రాక్షసికి చూపు లేదు, అంతా వినికిడే. తమాషా ఏమిటంటే, ఈ ఆటకో మైకు ఉంది. మన గదిలో చప్పుడైతే అక్కడ రాక్షసికి వినిపిస్తుంది. టీవీలో ఒక మూల చిన్న గీత ఉంటుంది. చప్పుడు పెరిగేకొద్దీ ఆకుపచ్చ నుంచి ఎరుపెక్కుతుంది. ఎరుపెక్కిందా, ఇంజనీరు గోవిందా. మూడు వారాలుగా మా అమ్మాయి ఆ నడవ దాటలేదు. మూడు వారాలుగా నేను మా ఇంట్లో దొంగలా తిరుగుతున్నాను. కాన్వెంటులో సిస్టర్ల బెత్తం కింద కూడా పావుగంట నోరు మూయనివాణ్ణి.

"నేను కాదు. నేను తుమ్మలేదు కూడా" అన్నాను.

"నువ్వు కాదులే నాన్నా. పిన్ని కూర్చోగానే ఎరుపెక్కింది."

మా మరదలి మొహం పాలిపోయింది. "చూశారా బావా! ఆఖరికి టీవీలో రాక్షసికి కూడా నా మోకాళ్లు వినపడుతున్నాయి." అని మా ఆవిడ వైపు తిరిగింది. "నిజం చెప్పక్కా, నా మోకాళ్లు అంతగా మోగుతున్నాయా?"

"అరవై దగ్గరపడ్డాక మోగక, పాటలు పాడతాయా? ముందు ఈ టీ తాగు."

"పిల్లలు లేచేంతగానా?"

మా ఆవిడ టీ గ్లాసు చెల్లెలి చేతిలో పెట్టింది. మా మరదలు గ్లాసు పక్కన పెట్టి మా అమ్మాయి చేతిలో కంట్రోలర్ లాక్కుంది. "ఇలా ఇవ్వవే. చప్పుడు కాకుండా ఇంకా నడవగలనో లేదో సోమవారం లోపల తేలిపోవాలి. మేడమ్‌కి నా మీద జాలి ఉంది. దీనికి ఉండదుగా."

మొదటి పది నిమిషాలూ ఇంజనీరు పైకప్పు చూస్తూ గోడకు తల బాదుకున్నాడు. తర్వాత దారిలో పడ్డాడు. అంతలో గొట్టంలోంచి రాక్షసి దిగింది.

"పిన్నీ, అల్మారాలో దాక్కో!"

"అల్మారాలో దాక్కున్నవాళ్లను రెండేళ్ల పిల్లలు కనిపెట్టేస్తారు."

"అయితే పారిపో!"

"అరవకే, దానికి వినపడుతుంది" అని మా మరదలు నెమ్మదిగా రాక్షసి వెనక్కి చేరింది. పారిపోలేదు. దాని వెనకాలే నడవడం మొదలుపెట్టింది! అది ఊపిరి వదిలితే ఒక అడుగు, పీలిస్తే ఆగడం.

"నిద్రకు మొండికేసే పిల్ల ఎదురుగా నిలబడితే మెడ పట్టుకుంటుంది. వెనకాలే తిరిగితే మన ఊసే మర్చిపోతుంది" అంది గుసగుసగా. మా అమ్మాయి నోరు తెరుచుకుని చూస్తోంది. మూడు వారాల్లో దానికి ఈ ఆలోచన రాలేదు మరి.

సగం నడవ దాటాక మా మరదలు ఉత్సాహంగా ముందుకు వంగింది. గీత భగ్గున ఎరుపెక్కింది. ఇంజనీరు పోయాడు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. ఏడుసార్లు చచ్చింది మా మరదలు. చచ్చినప్పుడల్లా "మోకాలే, మోకాలే" అని తొడమీద కొట్టుకుంది. ఏడోసారి కంట్రోలర్ కింద పెట్టేసి, "సీసాలే కడుక్కుంటాలే" అంది. ఇన్నేళ్లలో ఆవిడ గొంతు అలా వినడం అదే మొదటిసారి.

"అదేమిటి, ఇంతసేపూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నావుగా. కదలని మోకాలు ఎలా మోగింది?" అన్నాను. నేనేదో ఓదార్చడానికి అన్న మాట అది. మా అమ్మాయి మాత్రం దిగ్గున లేచింది.

"ఆగు పిన్నీ. లిఫ్టులో చప్పుడొస్తే మేం ఒక్కో భాగాన్నీ విడిగా కదిపి చూస్తాం. లేచి గుంజీ తియ్యి."

"ఈ వయసులో గుంజీలేమిటే?"

"తియ్యి పిన్నీ!"

తీసింది. మోకాలు టప్‌మంది. అందరం గీత వైపు చూశాం. ఆకుపచ్చ. రెండో గుంజీ, మళ్లీ టప్, మళ్లీ ఆకుపచ్చ. "ఇప్పుడు మోకాళ్లు కదపకుండా నడుం వంచు" అంది మా అమ్మాయి. వంచింది. ఎరుపు!

అప్పటికిగాని మా చెవులకు ఆనలేదు. కొత్త యూనిఫాంలో ఏప్రన్ ఒకటుంది. తుడిస్తే మరక పోవాలని ప్లాస్టిక్ పూత వేయించింది మేడమ్. వంగినప్పుడల్లా బిస్కెట్ పొట్లం విప్పినట్టు చరచరమంటోంది. కార్ఖానా రొదలో పెద్దవాళ్లకు అది వినపడదు. పసిపిల్లల చెవి పక్కకు వంగితే వాళ్లకు వినపడదా?

మా మరదలు ఏప్రన్ విప్పి బాల్కనీలో పారేసింది. తిరిగొచ్చి కూర్చుంది. మా ఆవిడ ఫ్యాను ఆపింది, పొయ్యి ఆపింది, నా నోటికి తన చెయ్యి అడ్డం పెట్టింది.

ఎనిమిదోసారి నడవంతా దాటింది. నౌక తలుపు నాలుగడుగుల్లో ఉందనగా రాక్షసి గిర్రున వెనక్కి తిరిగింది. మొహానికి మొహం. అదే క్షణంలో నా ముక్కులో తుమ్ము బయల్దేరింది. మా మరదలు కనీసం నా వైపు చూడలేదు. అలవాటు కొద్దీ, పడకగదిలో అన్నట్టే, "ష్ష్..." అంది. గీత కొంచెం వణికి ఆకుపచ్చగానే ఉండిపోయింది. నా తుమ్ము ఆగిపోయింది. రాక్షసి తల పక్కకు వాల్చి, భుజాలు దించి, అలాగే నిలబడిపోయింది. దాని పక్కనుంచే ఇంజనీరు దాటుకుని వెళ్లి నౌక ఎక్కాడు.

అది నిద్రపోయిందని నేనంటాను. ఆ చోట అది ఎప్పుడూ కాసేపు ఆగుతుందని మా అమ్మాయి వాదన. ఎప్పుడూ ఆగేది ఆ శనివారం దాకా నీకెందుకు ఆగలేదే అంటే, చేతులకు గ్రీజుందని లేచి వెళ్లిపోతుంది. మా ఆవిడ కళ్లు మూసుకుని ఉంది, ఆవిడ ఓటు చెల్లదు.

సోమవారం జరిగింది నేను చూడలేదు. ఆ మేడమే తర్వాత మా ఆవిడకు చెప్పింది. మా మరదలు తన పాత నూలు ఏప్రన్ కట్టుకు వెళ్లి, "ఈ ఒక్క పూట చూడండి మేడమ్. ఒక్క పిల్ల లేచినా సీసాలు కడుగుతాను" అందట. ఇరవై రెండు మంచాల దగ్గరా వంగింది. మోకాళ్లు ఇరవై రెండుసార్లూ మోగాయి. ఎవరూ లేవలేదు. మెచ్చుకుందామని మేడమ్ తన కొత్త ఏప్రన్‌తో రెండడుగులు లోపలికి వేసింది. చర్రుమంది. మూడో మంచంలో పిల్ల కళ్లు తెరిచింది. మేడమ్ ఉన్నచోటే నిలబడి, ఊపిరి బిగబట్టి, ఆ ఏప్రన్ విప్పడానికి పది నిమిషాలు తీసుకుందట. ఇప్పుడా ఏప్రన్లన్నీ సీసాల గదిలో ఉన్నాయి. మా మరదలు పడకగదిలో ఉంది.

ఇదంతా రాసి నిన్న మా మరదలికి చదివి వినిపించాను. శనివారం కాబట్టి మా హాల్లోనే ఉంది, కంట్రోలర్ పట్టుకుని, బాసింపట్టు వేసుకుని. ఆసాంతం విని, టీవీ మీంచి చూపు తిప్పకుండా అంది:

"అంతా అబద్ధం బావా. ఏప్రన్ లేదు, రాక్షసి లేదు. అసలు నేనీ ఆట ఎప్పుడూ ఆడలేదు."