ఫుల్ అంటే ఎంత?

నా చిన్నప్పుడు నన్ను నానా తికమక పెట్టిన ఇంగ్లీషు మాట ఒకటుంది. ఫుల్. పక్కింటి అక్క బడిలో టీచరు. సాయంత్రాలు నన్ను తమ అరుగు మీద కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు చెప్పేది. ఓ రోజు గ్లాసు అంచుదాకా నీళ్ళు పోసి, ఇంకొక్క చుక్క పట్టదు కదా, ఇదే ఫుల్, కడుపు నిండినా ఐ యామ్ ఫుల్ అనాలి అంది. బాగానే ఉంది. మరి రామచంద్రపురం బస్సులో ఫుల్ ఫుల్ అని అరుస్తూనే కండక్టరు ఇంకో పదిమందిని ఎక్కించుకుంటాడేంటి? పొడుగు చేతుల చొక్కాని ఫుల్ హ్యాండ్స్ అంటారు, అందులో నిండిందేంటి? అడిగితే అక్క పకపకా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

ఆ ఏడాది మా నాన్న కొబ్బరిచెట్టు మీంచి పడి మంచం పట్టాడు. అమ్మ ఒక్కతే కూలికి వెళ్ళేది. మా పొయ్యి ఒక్కపూటే వెలిగేది. అయినా అమ్మ మాట మాటే. ఎవరింట్లో ఏం పెట్టినా, కడుపు నిండుగా ఉందండి అని చెప్పి రావాలి. మా వైపు ఆ మాట ఎవరు నమ్ముతారు లెండి! వద్దన్నకొద్దీ వడ్డిస్తారు, విస్తరికి చెయ్యి అడ్డం పెడితే తప్ప ఆగరు. అందుకని అమ్మ నాకు చెయ్యి అడ్డం పెట్టడం కూడా నేర్పింది.

ఫుల్ నేర్పిన ఆ సాయంత్రమే అక్క కంచంలో అన్నం, ముద్దపప్పు, ఆవకాయ పెట్టుకొచ్చింది. నెయ్యి వాసనకి నోరూరిపోయింది. అయినా చెయ్యి అడ్డం పెట్టి, కొత్త మాట వచ్చిందన్న గొప్ప కొద్దీ, "ఐ యామ్ ఫుల్ అక్కా" అన్నాను.

"తప్పు," అంది అక్క.

మళ్ళీ నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాను. మళ్ళీ తప్పే అంది. అలా చెప్పాలని నేర్పింది తనే కదా! ఎక్కడ తప్పానో తెలియక ఏడుపొచ్చేసింది.

అక్క నా చేతిని మెల్లగా పక్కకి తీసింది. "ముందు తినవే అమ్మలూ. అప్పుడు నీ వాక్యం ఒప్పవుతుంది."

తిన్నాను. కంచం ఖాళీ అయ్యాక అవే మాటలు చెప్పాను. ఇప్పుడు కరెక్టు అంది.

ఇంటికొస్తుంటే భయం పట్టుకుంది. నేను తిన్నట్టా, చదువుకున్నట్టా? అక్కడేమన్నా తిన్నావా అని అమ్మ అడగనే అడిగింది.

"లేదమ్మా, నా ఇంగ్లీషు తప్పయితే అక్క దిద్దింది."

అమ్మ నా మూతికంటిన ఆవకాయ నూనెని కొంగుతో తుడిచింది. మొహం అటు తిప్పుకుని, "రేపు కూడా వెళ్ళి దిద్దించుకో," అంది.

ఫుల్ అన్న మాటకి అసలర్థం నాకు ఈనాటికీ తేలలేదు. ఇప్పుడు రాజమండ్రిలో మా మేడ మీద గదిలో కాలేజీ అమ్మాయి ఒకతి అద్దెకుంటోంది. నెలాఖర్లో మనిషి వాడిపోయి కనిపిస్తుంది. టిఫిన్ పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఫుల్ ఆంటీ" అంటుంది.

"తప్పమ్మా," అని ప్లేటు ముందుకు జరుపుతాను.

పాపం, ఎక్కడ తప్పిందో తెలియక అయోమయంగా నా మొహంలోకి చూస్తుంది. తిన్నాక చెబుతానంటాను.