వాలు దిగే చప్పుడు

విశాలాక్షికి దెయ్యాలంటే భయం లేదు, దొంగలంటే భయం లేదు, కెనడా చలంటే అసలే లేదు. ఆవిడ భయమల్లా చప్పుడంటేనే. అదీ ఎదుటివాళ్ళు చేసే చప్పుడు కాదు. తమ ఇంట్లోంచి వెళ్ళి ఎదుటివాళ్ళ చెవిన పడేది.

ఇది పుట్టుకతో వచ్చిన భయం కాదు. కాకినాడలో ఆవిడ మేడ మీంచి కేకేస్తే వీధి చివర కూరగాయల బండి ఆగేది. పెళ్ళై, టొరంటోలోని నార్త్ యార్క్‌లో అద్దె అపార్ట్‌మెంట్‌లో కాపురం పెట్టిన కొత్తలో ఒకనాడు పొద్దున్నే కొబ్బరి పచ్చడికి మిక్సీ వేసింది. కింద ఫ్లాట్ ఆవిడ చీపురు కర్రతో సీలింగ్ మీద దబదబా కొట్టింది. కొట్టింది సీలింగ్‌ని, తగిలింది మాత్రం విశాలాక్షికి. తల కొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి మిక్సీని తువ్వాల్లో చుట్టి, బాత్‌రూమ్‌లోకి పట్టుకెళ్ళి, తలుపేసుకుని తిప్పేది. కూతురు సుధామయికి నడక రాగానే మునివేళ్ళ మీద నడవడం నేర్పింది. ఆ పిల్ల ఇప్పుడు టొరంటోలో లాయరు. కోర్టులో గట్టిగానే వాదిస్తుందట గానీ, ఇంట్లో తలుపు మాత్రం దొంగలా వేస్తుంది.

"మన ఊరు కాదు కదండీ. ఒక్కరు పొరపాటు చేస్తే మనవాళ్ళందర్నీ కలిపి అంటారు" అనేది విశాలాక్షి. అందులో అబద్ధమూ లేదు పాపం.

భర్త జనార్ధనరావు వంతెనలు కట్టే ఇంజనీరు. ఉద్యోగం వాంకూవర్‌కి మారాక అక్కడే ఒక కొండ వాలులో ఇల్లు కొనుక్కున్నారు. పైన హైవే, కింద పోర్టు గోడౌన్లు, మధ్యలో వీళ్ళ రోడ్డు. సొంత ఇల్లు, నాలుగువైపులా ఖాళీ జాగా. అయినా మిక్సీ తువ్వాల్లోనే ఉంది. అలవాటైన భయానికి అద్దిల్లు, సొంతిల్లు అన్న తేడా ఏముంటుంది?

రిటైరయ్యాక జనార్ధనరావు పాత మోటార్ సైకిల్ ఒకటి కొన్నాడు. విశాలాక్షి గుండెల్లో రాయి పడింది. "ఈ వయసులో మీకిదేం పిచ్చండీ" అని మొత్తుకుంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఏ మాటకామాట, నడపడం తెలిసిన మనిషే. సాయంత్రం అలా తిరిగొచ్చేటప్పుడు, వాలు మొదట్లోనే యాక్సిలరేటర్ వదిలేసి, గేరు ఒక్కొక్కటీ దించుకుంటూ వచ్చేవాడు. ఇంజనే బండిని వెనక్కి పట్టుకునేది. అలా పట్టుకున్నప్పుడు సైలెన్సర్ పట్ పట్‌మని పేలేది. వంటింట్లో ఉన్న విశాలాక్షికి ఆ చప్పుడు ఒక్కోటీ నెత్తిన మొట్టికాయలా ఉండేది. పరుగున కిటికీ దగ్గరికొచ్చి, భర్తని కాదు, చుట్టుపక్కల ఇళ్ళని చూసేది.

ఎదురింటి బ్రూస్ అనే పెద్దాయన ఆ వేళకి సరిగ్గా బయటికి వచ్చేవాడు. ఒంటరి మనిషి, ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. చేతులు కట్టుకుని, చప్పుడు వచ్చే వైపే చూస్తూ నిలబడేవాడు. ఇంకేముంది, ఆయన తిట్టుకుంటున్నాడనే విశాలాక్షి తీర్మానించేసింది.

అలా ఉండగా వాలు మొదట్లో సిటీవాళ్ళు బోర్డు పెట్టారు. ఇంజన్‌తో బ్రేక్ వేసి చప్పుడు చెయ్యవద్దు అని దాని సారాంశం. బస్సు దిగి నడిచొస్తూ చదివింది విశాలాక్షి. ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పలేదు.

"చూశారా, మీ కోసం ఏకంగా బోర్డే పెట్టారు. ఇంకా ఏం మిగిలిందండీ మన పరువు?"

"అది కాదు విశాలా, ఆ బోర్డు..."

"బోర్డు చదవడం నాకూ వచ్చు. రేపటి నుంచి ఆ చప్పుడు నా చెవిన పడకూడదు."

ఆయన ఏదో చెప్పబోయి మానేశాడు. చెప్పినా వినే స్థితిలో ఆవిడ లేదు. ఆ వారమంతా కంచం పెట్టింది గానీ మాట పెట్టలేదు. చివరికి ఆయనే దిగొచ్చాడు. అప్పటి నుంచి వాలు పైనే క్లచ్ నొక్కేసి, ఇంజన్ పట్టు తప్పించి, ఉత్త బ్రేకుల మీదే కిందికి వచ్చేవాడు. బండి ఎప్పుడు వచ్చేదో, ఎప్పుడు గరాజ్‌లోకి దూరేదో తెలిసేది కాదు. విశాలాక్షి ప్రాణం హాయిగా ఉంది. బ్రూస్ కూడా బయటికి రావడం మానేశాడు. చూశారా, ఎంత ప్రశాంతంగా ఉన్నాడో అని మొగుడికి చూపించింది కూడా.

అక్టోబర్‌లో ముసురు పట్టింది. మేపుల్ ఆకులు రాలి రోడ్డుకి అతుక్కుపోయాయి. ఆ సాయంత్రం జనార్ధనరావు రోజూలాగే క్లచ్ పట్టుకుని వాలు దిగాడు. పట్టి ఆపేందుకు ఇంజన్ లేదు. ఇంటి మలుపు దగ్గర బ్రేక్ గట్టిగా పట్టేసరికి తడి ఆకుల మీద ముందు చక్రం జారింది. బండి ఆయన మీద పడింది.

విశాలాక్షికి ఏమీ వినిపించలేదు. గిన్నెలు తోముకుంటోంది. ఆయన వస్తున్నాడనే తెలియనప్పుడు, ఇంకా రాలేదేమని చూసేదెవరు? ఎంతసేపు వానలో పడున్నాడో ఎవరికీ తెలియదు. బ్రూస్ కుక్క మొరిగితే ఆయన బయటికొచ్చి చూసి, వీళ్ళ తలుపు బాదాడు. ఆ బాదుడుకి కూడా ఆవిడ ముందు ఉలిక్కిపడింది, ఎవరేం ఫిర్యాదు పట్టుకొచ్చారోనని.

ప్రాణం దక్కింది. తుంటి విరిగింది, ఎడమ కాలు స్వాధీనంలో లేకుండా పోయింది. చలికాలమంతా ఆయన కిటికీ పక్క కుర్చీలోనే గడిపాడు. చూడవచ్చిన ప్రతివాళ్ళకీ విశాలాక్షి ఒకే మాట చెప్పేది. "రూల్ ప్రకారమే వచ్చారండీ. బోర్డు పెట్టినప్పటి నుంచి ఎవరి చేతా ఒక్క మాట పడలేదు. మన రాత, ఏం చేస్తాం." ఆ మాట చెప్పినప్పుడల్లా కాస్త ఊపిరాడేది. తప్పు తమది కాదు, తనది అంతకన్నా కాదు. ఆ ఒక్కటీ పట్టుకునే ఆవిడ చలికాలం గట్టెక్కింది.

ఏప్రిల్‌లో ఒక ఉదయం చెత్త డబ్బా లోపలికి లాగుతుంటే బ్రూస్ వచ్చి సాయం పట్టాడు. జనార్ధనరావు ఎలా ఉన్నారని అడిగాడు. విశాలాక్షి అలవాటుగా అదే పాఠం ఇంగ్లిష్‌లో అప్పజెప్పింది.

బ్రూస్ ముఖం అయోమయంగా పెట్టాడు. "ఏ బోర్డు?"

"వాలు మొదట్లో ఉంది కదా. ఇంజన్ చప్పుడు వద్దని."

"అది లారీలకమ్మా. పోర్టుకి దిగే పెద్ద లారీల మోత భరించలేక సిటీకి కంప్లైంట్ ఇచ్చింది నేనే. మోటార్ సైకిల్‌కి దాంతో పనేముంది? వాలులో గేరు మీదే దిగాలి, వానలో మరీను."

విశాలాక్షి చెయ్యి డబ్బా మీదే ఉండిపోయింది. "మరి మీరు... రోజూ బయటికొచ్చి..."

"వినడానికి" అన్నాడు బ్రూస్. "కుర్రతనంలో నాకూ అలాంటి బండే ఉండేది. ఆ పట్ పట్ వింటే ప్రాణం లేచొచ్చేది. ఉన్నట్టుండి ఆగిపోయేసరికి బండి అమ్మేశారనుకున్నాను."

ఆయన వెళ్ళిపోయాక ఆవిడ డబ్బాని చప్పుడు కాకుండా గోడవార పెట్టింది. తర్వాత లోపలికొచ్చింది. జనార్ధనరావు కిటికీ కొద్దిగా తెరుచుకుని కూర్చున్నాడు.

"ఆ బోర్డు లారీలదటండీ."

ఆయన తల తిప్పలేదు.

"మీకు తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"మొదలుపెట్టాను. చదవడం వచ్చన్నావు."

విశాలాక్షి సోఫా అంచున కూలబడింది. తిడతాడేమో, తిడితే బాగుండుననుకుంది. కోపమన్నది ఆయన ముఖంలో ఎక్కడా లేదు, అలసట తప్ప.

"నువ్వు ముప్ఫై ఏళ్ళుగా మిక్సీ తువ్వాల్లో తిప్పుతున్నావు విశాలా" అన్నాడు మెల్లగా. "నేనొక్కణ్ణీ చప్పుడు చేసుకుంటూ తిరగడమేంటి అనిపించింది. అంతే."

కింద వాలులో ఒక లారీ దిగుతోంది. బోర్డు దాటాక కూడా ఇంజన్ మోత ఆపలేదు. కిటికీ అద్దాలు అదిరాయి. జనార్ధనరావు అది పోర్టు వైపు మళ్ళేదాకా చెవి అటే పెట్టి విన్నాడు.

విశాలాక్షికి ఏడుపు తన్నుకొచ్చింది. లేచి వెళ్ళింది. ముందు కిటికీ మూసింది. గడియ సరిగ్గా పడిందో లేదో చూసుకుంది. అప్పుడు ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, స్వెటర్ చెయ్యి నోట్లో కుక్కుకుని ఏడ్చింది.