ఆపద బటన్ వెనక లాక్

మా అన్న పడవలో ఉన్న పెట్టె మా కంపెనీ తయారుచేసిందే. పడవ ఎక్కడుందో తెర మీద చూపిస్తుంది. ఆపదలో ఎర్ర బటన్ నొక్కితే ఒడ్డుకు కబురు పంపుతుంది. దాని కెర్నెల్‌లో, అంటే యంత్రాన్ని నడిపించే మూల ప్రోగ్రాములో, కొంత భాగం నేను చూసేదాన్ని. విజయనగరంలో కోట దగ్గర అద్దె గదే నా ఆఫీసు.

ఒక ఉదయం అన్న ఆ పెట్టెను తువ్వాలులో చుట్టుకుని, శ్రీకాకుళం నుంచి బస్సులో వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"ఏటైనాది అన్నియ్యా?"

"గాలి లేసినాది. ఇంజిను ఆగిపోనాది. ఎర్ర బటన్ నొక్కితే తెర బిగుసుకుపోనాది. ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. పక్క పడవోళ్లు సూసి తాడేసి లాక్కొచ్చినారు. లేపోతే..."

మా టీమ్ లీడర్‌కి ఫోన్ చేశాను.

"ఉప్పుగాలికి బ్యాటరీ పోయుంటుందమ్మా, మార్చేద్దాం" అన్నాడాయన.

"తెర వెలుగుతూనే ఆగిపోయింది సర్. బ్యాటరీ పోతే వెలగదు కదా."

"మన దగ్గర ఎప్పుడైనా ఆగిందా?"

"లేదు."

"మరింకేం?"

నాకు మాత్రం లాక్ మీద అనుమానం. ఒకే సమాచారాన్ని రెండు పనులు ఒకేసారి మార్చకుండా ప్రోగ్రాములో లాక్ వేస్తాం. ఒక పని లాక్ పట్టుకుని ఉండగా ఇంటరప్ట్, అంటే బటన్ లాంటి వాటి నుంచి అత్యవసర పిలుపు, వస్తే ప్రాసెసర్ ఆ పనిని అక్కడే వదిలేసి దాని సంగతి చూస్తుంది. ఇంటరప్ట్ కూడా అదే లాక్ అడిగితే ఇక అంతే. మొదటి పని లాక్ వదలాలని ఇంటరప్ట్ ఆగుతుంది, ఇంటరప్ట్ ముగిస్తేగానీ మొదటి పని కదలదు.

లాకులు ఎక్కడెక్కడ, ఏ పరిస్థితిలో వాడామో గమనించి, ఇలాంటి చిక్కుకు దారి ఉంటే హెచ్చరించే సదుపాయం కెర్నెల్‌లోనే ఉంది. అది ఆన్ చేసి పెట్టెను నడిపాను. మధ్యాహ్నం దాటినా ఒక్క హెచ్చరికా లేదు. ప్రోగ్రాములో ఇంకా నడవని దారి గురించి అదేం చెబుతుంది? అప్పుడు తట్టింది: ఒడ్డుకు తప్పుడు కబురు పోతుందన్న భయంతో మాలో ఎవరమూ ఎర్ర బటన్ నొక్కనేలేదు.

కబురు బయటికి పోకుండా రేడియో వైరు తీసేసి నొక్కాను. రెండూ ఒకే క్షణంలో పడలేదు కాబట్టి పెట్టె ఆగలేదు, కానీ లాప్‌టాప్ మీద హెచ్చరిక పడింది. పడవ స్థానం రాసుకునే పనీ, బటన్ తెచ్చే ఇంటరప్టూ అడుగుతున్నది ఒకే లాక్.

"ఏటంతాది?" అన్నాడు అన్న.

"తప్పు మాదేనంతాది."

లీడర్‌కి ఆ హెచ్చరిక వరుసలు పంపి మళ్లీ ఫోన్ చేశాను. "అయినా ఆగలేదుగా?" అన్నాడు.

"ఆగడం కళ్లతో చూడాలంటే మా అన్నని మళ్లీ ఆ గాలిలోకి పంపాలి సర్. పంపను. అమ్మిన పెట్టెలన్నీ వెనక్కి తెప్పించండి."

ఎన్ని పెట్టెలు అమ్మామో లెక్క అడిగాడాయన. చివరికి "సరే" అన్నాడు.

దిద్దుబాటు చిన్నదే: ఆ లాక్ పట్టుకున్నంతసేపూ ఇంటరప్టులు రాకుండా ఆపడం. పెట్టెలు వెనక్కి రప్పించడానికే అందరి మాటలూ పడాల్సి వచ్చింది. పడ్డాను. ఆ హెచ్చరికల సదుపాయం ఆన్ చేసి నడపకుండా, ప్రతి బటనూ నొక్కి చూడకుండా ఏ పెట్టే బయటికి పోకూడదని నియమం పెట్టించాను.

కొన్నాళ్లకు లీడరే ఫోన్ చేశాడు. "ఇంకో డ్రైవర్ ప్రోగ్రాములో కూడా హెచ్చరిక వచ్చింది. చూస్తావా?"

"పంపండి సర్" అన్నాను.