రెండూళ్ళ రూళ్ళు, ఒక ఇటుక

భిలాయి-3 అనే ఊళ్ళో మావయ్య కట్టిన ఇంటి ప్లానునే నాన్న మా ఊరు కోహ్కాలో అచ్చంగా దించేశారు. అక్కడ జాగాలో మూడోవంతు ఖాళీగా వదిలితే చాలు. ఇక్కడ సగం వదలాలట. ఈ రోజు పొద్దున్నే మునిసిపాలిటీ మనుషులొచ్చి సమ్మెటలతో మా వంటిల్లు కూల్చేశారు. నాన్న గునపం పట్టుకుని, నన్ను స్కూటరు వెనక ఎక్కించుకుని, నేరుగా మావయ్య ఇంటికెళ్ళారు.

"నాది కూలిపోతే నీదెలా నిలబడతాదో సూస్తాను బావా!" అని గోడలో గునపం పొడిచారు.

"నీ ఊరి రూలుకీ నా గోడకీ ఏటి సంబంధం?" అని మావయ్య ఇటుక విసిరారు. నాన్న వంగారు. నేను వంగలేదు.

మేం ఇంటికొచ్చేసరికి అమ్మ ఆరుబయట మూడు రాళ్ళ పొయ్యి మీద వండుతోంది. నా మొహంలో మూడింట రెండు వంతులు దెబ్బకి కట్టిన గుడ్డే కప్పేసింది. భిలాయి-3లో ఇది చెల్లుతుంది, కోహ్కాలో చెల్లదు. ఈ రాత్రి ఏ ఊళ్ళో పడుకుంటే సమ్మెటలు రావో, పెద్దలు సెలవియ్యండి.