సారాకొట్టు దగ్గర దిగని అక్క

ఫ్యాక్టరీ ఉద్యోగానికి పటాన్‌చెరు వైపు వచ్చిన కొత్తలో మేం అద్దెకున్న ఇంటావిడను అందరిలాగే నేనూ అక్కా అనేవాణ్ణి. ఆమెదొక మొండిపట్టు. మా స్టాపు వచ్చినా బస్సు దిగేది కాదు.

"సారాకొట్టు! సారాకొట్టు! జల్దీ దిగుండ్రి" అని కండక్టర్ అరిచేవాడు. అక్క సీట్లోంచి కదలకుండా, "గదేడుంది? నాకు తెల్వది" అనేది. అతను విసుక్కుంటూ ఆ స్టాపు కొత్త పేరు పలికేదాకా బస్సు కదిలేది కాదు. వెనక లారీలు హారన్లు మోగించేవి.

సారాకొట్టు మూతపడి అప్పటికి చాన్నాళ్ళయింది. మూయించింది అక్కా, ఆమె వెంట నడిచిన ఆడవాళ్ళూ. తాగినవాళ్ళ తగాదా రెండు బస్తీల కొట్లాటగా మారిన రోజున, రాళ్ళకు అడ్డంగా నడిరోడ్డు మీద కూర్చున్నదీ వాళ్ళే. అందుకే పంచాయతీ ఆ కూడలికి 'అక్కల చౌరస్తా' అని పేరు మార్చి, బోర్డు కూడా నిలబెట్టింది. జనం నోట మాత్రం పాత పేరే ఉండిపోయింది.

"బోర్డుంది కదక్కా, ఇంకేం కావాలి?" అన్నానోసారి.

"బోర్డు సూసి ఎవరు దిగుతరు తమ్మీ? కండక్టర్ పిలిస్తెనే గద దిగేది!"

కొన్నేళ్ళకు ఓ సాయంత్రం, కొత్తగా డ్యూటీలో చేరిన కుర్ర కండక్టర్ ఎవరూ అడగకుండానే "అక్కల చౌరస్తా!" అని గట్టిగా పిలిచాడు. అక్క తల తిప్పి చూసింది. ఇంతలో వెనక సీటు ముసలాయన అడిగాడు.

"సారాకొట్టు ఇంక రాలేదా బిడ్డా?"

"గదేడుంది తాతా? నాకు తెల్వది" అన్నాడు కండక్టర్, నిజంగానే తెలియక.

ఆ రోజు బస్సులో అందరికంటే ముందు దిగింది అక్కే.