మాట మారని వడ్డీ

చంద్రపూర్ తుకుం పేటలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. అవతలివాడు మాజ్రి బొగ్గు గనిలో పనిచేసేవాడు. వాడి తండ్రి రాజురా దగ్గరి మా ఊళ్లో మా తాతకు కచ్చరం ఎడ్లబండి తోలాడు. భూములు పోయాక నేను చంద్రపూర్‌లో బడి గుమస్తానయ్యాను. ఇద్దరం ఒకే నెలలో, ఒకే బ్యాంకులో ఇంటి అప్పు తీసుకున్నాం.

మేనేజరు రెండు రకాల వడ్డీలు చెప్పాడు. ఒకటి పెరుగుతూ తగ్గుతూ ఉండేది, ఇంకొకటి చివరిదాకా మారనిది. మా తాత ఊరికి పటేలు. మా ఇంట్లో మాట ఒక్కటే. పూటకో తీరు నాకెందుకని మారనిదే రాయించుకున్నాను. వాడు మారేది తీసుకున్నాడు. మునుగుతాడని లోలోపల సంతోషించాను.

వడ్డీలు తగ్గడం మొదలైంది. వాడి కిస్తు తగ్గుతూ వచ్చింది, నాది కదల్లేదు. తగ్గిందని కాగితం వచ్చిన రోజు వాళ్లింటి మటన్ వాసన గోడ దాటి వచ్చేది.

అప్పుడు పట్టుకున్నాయి నాకు రాజకీయాలు. పొద్దున్నే చాయ్ దుకాణంలో పేపరు విప్పి, ఈ సర్కారు దేశాన్ని అమ్ముతోందని, వడ్డీలు తగ్గించి బ్యాంకులో దాచుకున్న ముసలివాళ్ల నోరు కొడుతోందని వాదించేవాణ్ణి. అందులో కొంత నిజమే. కానీ నా కోపమంతా వాడి కిస్తు మీద.

"ముసలోళ్ల మీద గింత ప్రేమ ఎప్పటి సంది పటేలా?" అని నవ్వేవాడు. "నా కిస్తు తగ్గించిన సర్కార్ నాకు మంచిదే."

ఒకరోజు బ్యాంకు ఫారం తెచ్చిచ్చాడు. "జర ఫీజు కడితే మీది గూడ మారుస్తరట. అంత నింపిన. సంతకం ఒక్కటి పెట్టుర్రి."

"మా ఇంట్ల మాట మార్చుడు లేదు," అన్నాను. ఫారం మాత్రం తిరిగి ఇవ్వలేదు.

కిస్తులో మిగిలిన డబ్బుతో వాడు మేడ వేశాడు. స్లాబు పోసిన రోజు నాకు అందరికంటే ముందు కుర్చీ వేశాడు. ఆ మర్యాద పుండు మీద కారం చల్లినట్టయింది.

ఎన్నికల్లో ఆ సర్కారు ఓడిపోయింది. నేనే గెలిచినట్టు మిఠాయి పొట్లం పట్టుకుని వాడి గుమ్మం ఎక్కాను.

వాడు ఒక పేడా నోట్లో వేసుకున్నాడు. "పోతే పోనీ పటేలా. నా వడ్డీ ఏం పెరగలె గద. మీదేమన్న తగ్గిందా?"

ఇంటికొచ్చాను. బీరువాలో తాత తలపాగా కింద ఫారం అలాగే ఉంది. వాడు మరాఠీలో నా పేరు రాసి, పక్కన 'పటేల్' అని కూడా చేర్చాడు. సంతకం పెట్టాను. మర్నాడు చాయ్ దుకాణం దారి వదిలి, చుట్టు తిరిగి బ్యాంకుకు వెళ్లాను.